అప్‌డేట్ మన టైముకి, స్కాన్ సరైన వరసలో: డెల్టా ఊళ్లలో కంప్యూటర్ నడిపేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

భీమవరంలో రొయ్యల కమీషన్ ఆఫీసైనా, అంబాజీపేటలో కొబ్బరి కొట్టయినా, రావులపాలెంలో జిరాక్స్ షాపైనా అడిగేది రెండే ప్రశ్నలు. "అప్‌డేట్లు ఆపెయ్యమంటారా?" "వైరస్ వచ్చింది, ఫార్మాట్ కొట్టించెయ్యమంటారా?"

రెండింటికీ జవాబు వద్దనే. అప్‌డేట్ ఆపకూడదు, దాని టైము మనం పెట్టాలి. లేకపోతే అది తన టైముకి, అంటే సరిగ్గా మీరు బిల్లు కొట్టేటప్పుడు, మొదలెడుతుంది. ఫార్మాట్ ఆఖరి మెట్టు. అంతకుముందు చెయ్యాల్సినవి చాలా ఉన్నాయి, వాటికి ఒక వరస ఉంది.

ఇక్కడ రాసిందంతా విండోస్ 10, 11 గురించి. మెనూ పేర్లు స్క్రీన్ మీద ఇంగ్లిష్‌లో కనిపించేవే, తెలుగు అక్షరాల్లో రాశాను.

1. ముందు మీ దగ్గర ఏ విండోస్ ఉందో చూడండి

సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్. అక్కడ విండోస్ పేరు, వెర్షన్ కనిపిస్తాయి. ఒక కాగితం మీద రాసి సీపీయూ మీద అంటించండి. రేపు ఎవరికైనా ఫోన్ చేసి అడిగితే వాళ్ల మొదటి ప్రశ్న అదే.

- విండోస్ 11 అయితే, హోమ్, ప్రో రకాల్లో ఒక్కో వెర్షన్‌కి 24 నెలలే సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్‌ని శాశ్వతంగా వాయిదా వెయ్యలేరు.
- విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లకు 2026 అక్టోబరు 13 వరకు ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే వీలుంది. 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవ్వాలి. విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అనే లింకు కనిపిస్తుంది. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు.
- విండోస్ 7కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. దాని సంగతి ఆఖర్లో చెప్తాను.

విండోస్ 11కి మారాలంటే టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్), ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆపై ప్రాసెసర్ కావాలి. మైక్రోసాఫ్ట్ పీసీ హెల్త్ చెక్ అనే చిన్న యాప్ నడిపితే మీ మెషీన్ సరిపోతుందో లేదో చెప్పేస్తుంది. సరిపోని మెషీన్‌లో దొడ్డిదారిన 11 ఎక్కించేవాళ్లున్నారు. ఎక్కుతుంది కూడా. కానీ అలాంటి మెషీన్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. లెక్కలున్న మెషీన్ మీద ఆ ప్రయోగం చెయ్యొద్దు.

2. అప్‌డేట్‌కి ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

మన దగ్గర అప్‌డేట్‌ని పాడుచేసేవి మూడు: కరెంటు, డేటా, సి డ్రైవ్‌లో చోటు లేకపోవడం.

కరెంటు విషయానికొస్తే, లాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉంచితే చాలు. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ ఉండాలి. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు ఒకసారి మెయిన్ ఆఫ్ చేసి చూడండి. కరెంటు మారే ఆ క్షణంలో సీపీయూ రీస్టార్ట్ అవుతుంటే ఆ ఇన్వర్టర్ అప్‌డేట్‌కి పనికిరాదు. బయోస్ (విండోస్ కంటే ముందు మదర్‌బోర్డుని లేపే ప్రోగ్రామ్) అప్‌డేట్ అయితే మరీ జాగ్రత్త. విండోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే చాలాసార్లు అదే వెనక్కి తిప్పుకుంటుంది. బయోస్ మధ్యలో పోతే మదర్‌బోర్డే లేవకపోవచ్చు.

ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లు ఆ వైఫై ప్రాపర్టీస్‌లోకి వెళ్లి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చెయ్యండి. అప్పుడు చాలా అప్‌డేట్లు మీరు చెప్పేదాకా దిగవు. నెలవారీ అప్‌డేట్ కొన్ని వందల ఎంబీ ఉంటుంది, ఒక్కోసారి జీబీ దాటుతుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్‌లో అది తేలే పని కాదు. నెలకొకసారి ఫైబర్ కనెక్షన్ ఉన్న చుట్టాలింటికో, స్నేహితుడి షాపుకో లాప్‌టాప్ పట్టుకెళ్లి దించుకోండి. నాలుగు నెలలవి తప్పిపోయినా ఒక్కొక్కటీ విడిగా దించక్కర్లేదు. నెలవారీ అప్‌డేట్లో పాతవన్నీ కలిసే వస్తాయి, తాజాది ఒక్కటి పడితే చాలు.

చోటు కోసం సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. సి డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉంటే టెన్షన్ ఉండదు. ఒక్క హెచ్చరిక: ఆ లిస్టులో డౌన్‌లోడ్స్ అని ఒక గడి ఉంటుంది. దానికి టిక్ ఉంటే తీసెయ్యండి. మన షాపుల్లో కస్టమర్ల ఆధార్ కాపీల నుంచి పిల్లల హాల్ టికెట్ల దాకా అన్నీ ఆ డౌన్‌లోడ్స్‌లోనే ఉంటాయి. చోటు కోసం వెతుకుతూ వాటినే చెరిపేసుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

రీస్టార్ట్‌కి ముందు ఇవి చూసుకోండి:

- టాలీ, బిల్లింగ్ డేటా బ్యాకప్ తీశారా? టాలీప్రైమ్‌లో పైన డేటా మెనూలో బ్యాకప్ ఉంటుంది.
- బ్యాకప్ హార్డ్ డిస్క్ పని అయ్యాక ఊడదీశారా?
- బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ ఎక్కడుందో తెలుసా? కొత్త లాప్‌టాప్‌లలో డిస్క్ దానంతటదే లాక్ అయి ఉంటుంది. 48 అంకెల కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. షాపువాడు తన మెయిల్‌తో సెటప్ చేసి ఇచ్చుంటే ఇప్పుడే అడిగి తీసుకోండి.
- ప్రింటర్, పెన్‌డ్రైవ్‌లు తీసేశారా?

3. అప్‌డేట్ రోజు ఎలా ఎంచుకోవాలి

మైక్రోసాఫ్ట్ నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్ ప్రతి నెల రెండో మంగళవారం విడుదల చేస్తుంది. మనకది రాత్రి 10:30, చలికాలంలో 11:30 అవుతుంది. అంటే బుధవారం పొద్దున్న సిస్టమ్ ఆన్ చేసేసరికి అది కాచుకుని ఉంటుంది.

బుధవారమే వేసెయ్యక్కర్లేదు. ఏదైనా తేడా ఉంటే మొదటి మూడు నాలుగు రోజుల్లో బయటపడుతుంది. ఆ వారం ఆదివారం మధ్యాహ్నం నా లెక్కలో సరైన టైము. మామూలు రోజుల్లో రెండు వారాలు మాత్రం దాటనివ్వొద్దు. 2017 మే 12న వానాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ ప్రపంచమంతా వ్యాపించింది. దాని దారి మూసే అప్‌డేట్ మార్చి 14నే వచ్చేసింది. ఆ రెండు నెలల్లో వేసుకున్న మెషీన్లకు ఆ దారి మూసుకుపోయింది.

వరస ఇది:

1. సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యాక్టివ్ అవర్స్. షాపు తెరిచే, మూసే టైములు అక్కడ పెట్టండి. 18 గంటల దాకా పెట్టుకోవచ్చు. ఆ గంటల్లో అది సొంతంగా రీస్టార్ట్ చెయ్యదు.
2. ఆదివారం చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కండి.
3. ప్రివ్యూ అని ఉన్నవి వదిలెయ్యండి. అవి నెలాఖరులో వచ్చే ముందస్తు కాపీలు.
4. రీస్టార్ట్ నౌ నొక్కి, స్క్రీన్ మీద శాతం ఆగిపోయినట్టున్నా ముట్టుకోకండి. పాత హార్డ్ డిస్క్ మెషీన్‌లో గంట, గంటన్నర పట్టొచ్చు.
5. లేచాక మళ్లీ ఒకసారి చెక్ నొక్కండి. ఒక్కోసారి రెండో విడత ఉంటుంది.
6. ప్రింట్ ఒకటి తీసి చూడండి. వేలిముద్ర డివైజ్ వాడే షాపులైతే అదీ చూడండి. తేడా ఉంటే ఆదివారమే తెలియాలి, సోమవారం లైన్‌లో జనం ఉండగా కాదు.
7. క్రోమ్, టాలీ లాంటివాటికి అప్‌డేట్లు విడిగా ఉంటాయి. క్రోమ్‌లో హెల్ప్, అబౌట్ తెరిస్తే చాలు, అదే దించుకుంటుంది.

మార్చి నెలాఖరు, ధాన్యం కొనుగోళ్లు ముమ్మరంగా ఉన్న రోజులు, చెరువుల పట్టుబడి వారం, వీటిలో అప్‌డేట్ పెట్టుకోకండి. పాజ్ నొక్కితే విండోస్ 11లో 5 వారాల దాకా ఆగుతుంది. తుపాను హెచ్చరిక వచ్చినా అంతే. 2025 అక్టోబరు చివర్లో మొంథా నరసాపురం వైపు తీరం దాటినప్పటిలా రెండు మూడు రోజులు కరెంటు నమ్మకం లేకపోతే, పాజ్ నొక్కి, బ్యాకప్ తీసి, డిస్క్‌ని ప్లాస్టిక్ కవర్లో కట్టి అటక మీద పెట్టండి. కరెంటు నిలకడగా వచ్చాకే పాజ్ తియ్యండి.

డ్రైవర్ అప్‌డేటర్, పీసీ బూస్టర్ పేరుతో వచ్చే సాఫ్ట్‌వేర్లు ఏ రోజూ వద్దు. వాటితో పాటు వైరస్ కూడా దిగే ప్రమాదం ఉంది.

4. అప్‌డేట్ మొండికేస్తే

మొదట చోటు చూడండి. ఎర్రర్ కోడ్ చివర 70070 అని ఉంటే డిస్క్‌లో చోటు చాల్లేదని అర్థం. తర్వాత తేదీ, టైము చూడండి. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి సిస్టమ్ ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తుంటే అప్‌డేట్ కాదు, చాలా సైట్లూ తెరుచుకోవు. చిన్న బిళ్ల బ్యాటరీ మారిస్తే పోతుంది.

అప్పటికీ కాకపోతే ట్రబుల్‌షూట్‌లో విండోస్ అప్‌డేట్ ట్రబుల్‌షూటర్ నడపండి.

అప్‌డేట్ పడ్డాక సిస్టమ్ లేవకపోతే వరసగా రెండు మూడు సార్లు బూట్ ఫెయిలయ్యాక నీలిరంగు రిపేర్ స్క్రీన్ వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, అందులో లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్ తీసెయ్యండి. ఏడాది పెద్ద అప్‌డేట్ నచ్చకపోతే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ ఉంటుంది. అది 10 రోజులే పనిచేస్తుంది.

5. వచ్చింది నిజంగా వైరసేనా?

"వైరస్" అని తెచ్చిన మెషీన్లలో చాలావాటికి ఉన్న జబ్బు వేరు.

కుడివైపు కింద మూలన "మీ పీసీకి 5 వైరస్‌లు ఉన్నాయి" అని పదేపదే వస్తుంటే అది దాదాపుగా క్రోమ్ నోటిఫికేషనే. ఏదో సినిమా సైట్‌లో అలో నొక్కుంటారు. క్రోమ్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లో ఆ తెలియని సైట్లన్నీ తీసెయ్యండి. అయిపోయింది.

స్క్రీన్ నిండా ఎర్రగా వచ్చి, సైరన్ మోగి, "ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి" అంటే అది వెబ్ పేజీ మాత్రమే. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లో ఫోన్ నంబర్ ఉండదు. ఎస్కేప్ కాసేపు నొక్కి పట్టుకోండి. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఎండ్ చెయ్యండి. ఆ నంబర్‌కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన రిమోట్ యాప్ వేసుకుంటేనే అసలు కష్టం మొదలయ్యేది.

ఊరికే స్లో అయితే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడూ 100 శాతం ఉందేమో చూడండి. పాత హార్డ్ డిస్క్ అయితే ఎస్ఎస్‌డీ వేయించుకోవడమే మందు. చెరువుల పక్క ఆఫీసుల్లో ఉప్పుగాలికి ఫ్యాన్లు, పోర్టులు తుప్పుపట్టి వేడెక్కే మెషీన్లూ ఉంటాయి. ఎన్ని స్కాన్లు తిప్పినా అవి బాగుపడవు.

నిజంగా అనుమానించాల్సినవి ఇవి:

- డిఫెండర్ (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) ఆగిపోయి, ఆన్ చేస్తే ఆన్ కావడం లేదు.
- పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారాయి.
- ఫైల్ పేర్ల చివర కొత్త అక్షరాలు చేరాయి, తెరుచుకోవడం లేదు.
- మీరు పంపని మెయిళ్లు, మెసేజ్‌లు మీ పేరుతో వెళ్తున్నాయి.
- ఏ పనీ చెయ్యకుండా ఉన్నా టాస్క్ మేనేజర్‌లో సీపీయూ శాతం నిండుగా ఉంటోంది.

6. వైరసే అని తేలితే మొదటి అరగంట

ఎక్కువ నష్టం వైరస్ చేసేది కాదు, ఈ అరగంటలో మనం చేసేది. ఉన్న ఒక్క బ్యాకప్ డిస్క్‌ని కంగారులో తెచ్చి అదే మెషీన్‌కి గుచ్చుతారు. అదే మెషీన్‌లో కూర్చుని బ్యాంకు పాస్‌వర్డ్ మారుస్తారు. కొత్త పాస్‌వర్డ్ కూడా నేరుగా దొంగకే చేరుతుంది.

1. వైఫై ఆపండి, నెట్ కేబుల్ పీకెయ్యండి. మిల్లులో నాలుగు సిస్టమ్‌లు ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే మిగతా మూడింటి కేబుళ్లు కూడా తియ్యండి.
2. పెన్‌డ్రైవ్, బయటి హార్డ్ డిస్క్ ఊడదియ్యండి.
3. స్క్రీన్ మీదున్నది ఫోన్‌తో ఫొటో తియ్యండి.
4. కళ్లముందే ఫైల్ పేర్లు మారిపోతుంటే పవర్ బటన్ నొక్కి పట్టి ఆపెయ్యండి. మళ్లీ ఆన్ చెయ్యకుండా తెలిసినవాళ్లకి చూపించండి. డిస్క్ తీసి వేరే మెషీన్‌కి తగిలిస్తే మిగిలిన ఫైళ్లు దక్కొచ్చు.
5. ఫోన్ నుంచి, లేదా వేరే మంచి సిస్టమ్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి. ముందు మెయిల్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత జీఎస్టీ, మిగతావి. మెయిల్ ముందెందుకంటే మిగతా వాటన్నిటి రీసెట్ లింకులు దానికే వస్తాయి.
6. ప్రతిచోటా అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ కూడా నొక్కండి. బ్రౌజర్‌లో లాగిన్ అయి ఉన్న గుర్తునే ఎత్తుకుపోయే రకాలున్నాయి, వాటికి పాస్‌వర్డ్‌తో పనిలేదు.
7. డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అకౌంట్లు మారకముందే ఆపించే అవకాశం అంత ఎక్కువ.

7. శుభ్రం చేసే వరస

మొదటి పని స్కాన్ కాదు, ఎక్స్‌క్లూజన్స్ చూడడం. విండోస్ సెక్యూరిటీ, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, కింద ఎక్స్‌క్లూజన్స్. క్రాక్ (లైసెన్స్ లేకుండా నడిపే దొంగ) సాఫ్ట్‌వేర్ వేసిన మెషీన్లలో ఇక్కడ ఒక్కోసారి సి డ్రైవ్ మొత్తం రాసి ఉంటుంది. అంటే "ఇందులో వెతకొద్దు" అని డిఫెండర్‌కి చెప్పేశారన్నమాట. అలా ఉంచి పది స్కాన్లు తిప్పినా "ఏమీ దొరకలేదు" అనే వస్తుంది. మీరు పెట్టనివన్నీ తీసెయ్యండి.

తర్వాత:

1. ఆఫీసు నెట్‌వర్క్‌కి కాకుండా ఫోన్ హాట్‌స్పాట్‌కి కాసేపు కలిపి, డిఫెండర్‌కి కొత్త డెఫినిషన్లు (వైరస్‌లను గుర్తుపట్టే జాబితా) దించండి. మళ్లీ నెట్ ఆపెయ్యండి.
2. స్కాన్ ఆప్షన్స్‌లో ఫుల్ స్కాన్. గంటలు పడుతుంది, కరెంటు చూసుకుని పెట్టండి.
3. అదయ్యాక మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే వెతుకుతుంది. 15 నిమిషాల పని. విండోస్ నడుస్తుండగా దాక్కునేవి ఇందులో దొరుకుతాయి. ఇక్కడ బిట్‌లాకర్ కీ అడగొచ్చు.
4. రెండో అభిప్రాయానికి మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ లేదా మాల్‌వేర్‌బైట్స్ ఉచిత వెర్షన్. మన ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి. రెండు యాంటీవైరస్‌లు శాశ్వతంగా మాత్రం ఉంచొద్దు. ఒకదానికొకటి అడ్డుపడి మెషీన్ కదలదు.
5. సెట్టింగ్స్, యాప్స్‌లో తేదీ వారీగా సర్ది, జబ్బు మొదలైన రోజుల్లో చేరినవి తియ్యండి. స్టార్టప్ యాప్స్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు కూడా.
6. రీస్టార్ట్ చేసి మళ్లీ ఫుల్ స్కాన్. శుభ్రంగా వస్తే నెట్ కలిపి పెండింగ్ అప్‌డేట్లన్నీ వెయ్యండి.

స్కాన్ సరిగా నడవనివ్వకపోతే షిఫ్ట్ నొక్కి పట్టి రీస్టార్ట్ కొట్టండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4 నొక్కితే సేఫ్ మోడ్ (అత్యవసరమైనవి మాత్రమే నడిచే విండోస్) వస్తుంది.

రెండు రోజుల్లో మళ్లీ అదే వస్తే ఇక వెతకొద్దు. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేది) వచ్చినా, పాస్‌వర్డ్‌లు పోయినా, విండోసే క్రాక్ కాపీ అయినా అంతే. డాక్యుమెంట్లు, ఫొటోలు, టాలీ డేటా మాత్రమే కాపీ చేసుకోండి. సెటప్ ఫైళ్లు, జిప్‌లు వద్దు. వేరే మెషీన్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసి, మొత్తం చెరిపి కొత్తగా వెయ్యండి. షాపులో ఫార్మాట్ చేయిస్తే ఒకటే షరతు పెట్టండి: విండోస్, ఆఫీస్ యాక్టివేట్ చెయ్యడానికి క్రాక్ వాడకూడదు. లేకపోతే డబ్బిచ్చి మళ్లీ అదే వైరస్ వేయించుకున్నట్టు.

8. పెన్‌డ్రైవ్ షార్ట్‌కట్ వైరస్

మన ఊళ్లలో బాగా తిరిగేది ఇది. అప్లికేషన్ ప్రింట్ కోసం పెన్‌డ్రైవ్ జిరాక్స్ షాపుకి వెళ్తుంది, అక్కణ్ణుంచి కాలేజీ ల్యాబ్‌కి, అక్కణ్ణుంచి ఇంటికి. మీ ఫోల్డర్లు ఎక్కడికీ పోవు. వైరస్ వాటిని దాచి, అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. మీరు దాన్ని డబుల్ క్లిక్ చేసినప్పుడే అది మీ సిస్టమ్‌లోకి దూరుతుంది. మీకు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది కాబట్టి అనుమానం రాదు.

1. షార్ట్‌కట్ దేన్నీ తెరవకండి. ముందు పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చెయ్యండి.
2. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, హిడెన్ ఐటెమ్స్ ఆన్. పక్కనే ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ కూడా ఆన్ చేసి అలాగే ఉంచండి. పీడీఎఫ్ బొమ్మ పెట్టుకుని చివర ఈఎక్స్ఈ అని ఉన్న ఫైళ్లు అప్పుడే బయటపడతాయి.
3. ఫోల్డర్ ఆప్షన్స్, వ్యూ ట్యాబ్‌లో హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ టిక్ తియ్యండి.
4. ఇప్పుడు మసకగా కొన్ని ఫోల్డర్లు కనిపిస్తాయి. ఒక్కోసారి పేరే లేని ఫోల్డర్ ఒకటి ఉంటుంది. మీ ఫైళ్లన్నీ అందులోనే ఉంటాయి.
5. మీకు కావలసిన ఫైళ్లు మాత్రమే సిస్టమ్‌లో కొత్త ఫోల్డర్‌కి కాపీ చెయ్యండి.
6. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చెయ్యండి. మూడో మెట్టులో తీసిన టిక్ మళ్లీ పెట్టండి.
7. ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ మళ్లీ పెట్టగానే షార్ట్‌కట్‌లు వస్తే వైరస్ మీ సిస్టమ్‌లోనే ఉంది. 7వ భాగానికి వెళ్లండి.

ప్రింట్ల కోసం ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి విడిగా పెట్టుకోండి. అందులో ఆ రోజు పీడీఎఫ్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. షాపు నడిపేవాళ్లయితే కస్టమర్ పెన్‌డ్రైవ్‌లు పెట్టే సిస్టమ్, డబ్బు లావాదేవీలు చేసే సిస్టమ్ వేరువేరుగా ఉంచండి.

9. ఫైళ్లు తాళం వేసి డబ్బు అడిగితే

డబ్బు కట్టొద్దు. కట్టినా ఫైళ్లు వస్తాయన్న నమ్మకం లేదు. తాళం పడ్డ ఫైళ్లు చెరపకుండా వేరే డిస్క్‌లో దాచండి. యూరప్ దేశాల పోలీసు సంస్థ యూరోపోల్, డచ్ పోలీసులు కలిసి పెట్టిన నో మోర్ రాన్సమ్ సైట్‌లో తాళం పడ్డ ఒక ఫైల్, బెదిరింపు నోట్ ఇస్తే ఏ రకమో, ఉచిత తాళంచెవి ఉందో లేదో చెప్తుంది. ఈరోజు లేకపోయినా ఏడాది తర్వాత రావచ్చు, అందుకే దాచమన్నది.

ముందుజాగ్రత్తగా విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్ చేసుకోవచ్చు. మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది. టాలీ లాంటివి సేవ్ కాకుండా అడ్డుపడితే అలో యాన్ యాప్‌లో వాటిని చేర్చండి.

10. విండోస్ 7 వదల్లేని డీటీపీ షాపులకు

పేజ్‌మేకర్, పాత అను ఫాంట్ల కోసం విండోస్ 7 ఉంచుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. పెళ్లి కార్డులు, కరపత్రాలు అందులోనే వస్తున్నాయి కాబట్టి తీసెయ్యమని చెప్పను. నెట్ మాత్రం పూర్తిగా తీసెయ్యండి, వైఫై డాంగిల్ కూడా. మెయిల్, వాట్సాప్ అన్నీ పక్క మెషీన్‌లో. ఫైళ్లు అటూ ఇటూ తేవడానికి ఒకే పెన్‌డ్రైవ్, ప్రతిసారీ కొత్త మెషీన్‌లో స్కాన్ అయ్యాకే. పాత డిజైన్ల ఫోల్డర్‌ని నెలకొకసారి బయటి డిస్క్‌కి కాపీ చెయ్యండి. ఆ హార్డ్ డిస్క్ వయసు కూడా విండోస్ 7 అంతే ఉంటుంది మరి.